మీ కాళ్ళకు సరిపోయే కొండదారిని ఎంచుకోవడం ఎలా? తిరుమల మెట్లతో ఒక లెక్క

వీకెండ్‌కి ట్రెక్ అని వాట్సాప్ గ్రూపులో మాట మొదలైతే అందరూ ముందు అడిగేది ఎన్ని కిలోమీటర్లని. పది అని తేలుతుంది. "రోజూ పార్కులో ఐదు నడుస్తూనే ఉన్నాంగా, రెండు పార్కులనుకుంటే సరి" అని ఎవరో ఒకరు అంటారు. అంతే, డబ్బులు కట్టేస్తారు. పార్కులో ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి కొండ మీద ఒకటిన్నర కిలోమీటరుకే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోవచ్చు. కొండ మీద కాళ్ళను అలసిపోయేలా చేసేది దూరం కంటే ఎక్కుడు, అంటే నిలువునా ఎన్ని మీటర్లు పైకి ఎక్కుతామన్నది.

ట్రెక్ నడిపేవాళ్ళు పేరు పక్కన ఈజీ, మోడరేట్, డిఫికల్ట్ అని రాస్తారు. ఎవరికి ఈజీ అన్నది మాత్రం రాయరు. పాతికేళ్ళ గైడుకు ఈజీ అనిపించింది, పదేళ్ళుగా కుర్చీలో కూర్చుని కోడ్ రాస్తున్న మీకు ఎలా ఉంటుందో ఆ మాట చెప్పదు. అందుకని ముందు మీ శక్తి ఎంతో అంకెల్లో తెలుసుకుని, తర్వాత దారిని ఆ అంకెతో పోల్చుకోవాలి. మన అదృష్టం, తెలుగువాళ్ళలో చాలామంది ఈ పరీక్ష ఎప్పుడో రాసేశారు. తిరుమలకు నడిచి వెళ్ళినవాళ్ళంతా ఆ లెక్కలోకి వస్తారు.

ముందు మీ తిరుమల అంకె తీయండి

అలిపిరి దారిలో 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా దూరం. మెట్టు ఎత్తు సగటున 15 సెంటీమీటర్లు వేసుకుంటే 530 మీటర్లు అవుతుంది. మధ్యలో మెట్లు లేని ఏటవాలు దారి కూడా కలుపుకుని 600 మీటర్లు ఎక్కుతున్నారనుకోండి. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. అదే లెక్కన 360 మీటర్ల ఎక్కుడు.

ఇప్పుడు 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన ఒక సులువైన సూత్రం తీసుకుందాం. ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఈ రెండూ కలిపితే ఆరోగ్యంగా ఉండి, కొండలు అలవాటైన మనిషి ఆగకుండా నడిస్తే పట్టే సమయం వస్తుంది. అలిపిరికి వేసి చూడండి: దూరానికి గంటా 48 నిమిషాలు, ఎక్కుడుకు గంట, మొత్తం సుమారు 170 నిమిషాలు. శ్రీవారి మెట్టుకు దూరానికి 25, ఎక్కుడుకు 36, మొత్తం ఒక గంట.

పోయినసారి మీకు ఎంతసేపు పట్టింది? కూర్చున్నవీ, మజ్జిగ తాగినవీ, ఫొటోలు దిగినవీ అన్నీ కలిపే చెప్పండి. అలిపిరి నాలుగు గంటల్లో ఎక్కితే 240ని 170తో భాగించండి, 1.4 వస్తుంది. శ్రీవారి మెట్టు గంటన్నరలో ఎక్కితే 1.5. ఇదే మీ అంకె. ఏ దారికైనా ముందు నైస్మిత్ లెక్క వేసి, దాన్ని మీ అంకెతో హెచ్చిస్తే మీకు పట్టే సమయం తెలుస్తుంది.

ఈ అంకె ఏడాది లోపుదై ఉండాలి. పెళ్ళికి ముందు గోవింద గోవింద అంటూ రెండు గంటల్లో ఎక్కేసిన లెక్క, ఇద్దరు పిల్లలు పుట్టాక పనికిరాదు. ఈ మధ్య తిరుమల వెళ్ళకపోతే అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. ఒక్కో అంతస్తు దాదాపు 3 మీటర్లు. కింది నుంచి ఐదంతస్తులు ఎక్కితే 15 మీటర్లు, అలా ఇరవైసార్లు ఎక్కి దిగితే 300 మీటర్లు. అంటే అలిపిరిలో సగం. నైస్మిత్ ప్రకారం ఎక్కడానికి అరగంట, దిగడానికి ఇంకో పది పదిహేను నిమిషాలు. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, పర్వాలేదు. ఎక్కేటప్పుడు పక్కవాళ్ళతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నది కూడా గమనించండి. రెండు ముక్కలకే ఆయాసం వస్తుంటే మీ వేగం మీ శక్తిని దాటిపోయిందని అర్థం.

గుండె జబ్బు, బీపీ, ఉబ్బసం, మోకాలి ఆపరేషన్ లాంటివి ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు డాక్టరును అడగండి.

తిరుమల మెట్లు మీకు చెప్పని సంగతులు

ఈ కొలతలో కొన్ని లోపాలున్నాయి. అన్నిటికంటే పెద్దది దిగుడు. మనం నడిచి ఎక్కుతాం, దర్శనం చేసుకుంటాం, లడ్డూల సంచీతో బస్సెక్కి దిగిపోతాం. పదిసార్లు నడిచి వెళ్ళిన భక్తుడికి కూడా కొండ దిగడం ఎలా ఉంటుందో తెలియకపోవచ్చు. ట్రెక్‌లో ఎక్కినంతా దిగాల్సిందే, అదీ కాళ్ళు అలిసిపోయాక. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువుకు బ్రేకు వేయాలి. ఆ పని దానికి అలవాటు లేకపోతే మొదట మోకాళ్ళ కింద సన్నగా వణుకు మొదలవుతుంది, తర్వాత అడుగు అనుకున్న చోట పడదు. పాదం మెలిక పడేది ఎక్కువగా అప్పుడే. అసలు నొప్పి మర్నాడో మూడో రోజో తెలుస్తుంది. ఇండియన్ టాయ్‌లెట్ మీద కూర్చున్నప్పుడు మరీ బాగా తెలుస్తుంది.

హైదరాబాద్ వాళ్ళకు దీన్ని పరీక్షించుకోవడానికి గోల్కొండ ఉంది. బాలా హిస్సార్ దాకా 360 మెట్లని చెబుతారు. పైకి వెళ్ళి దిగి, మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగండి. రెండోసారి దిగేటప్పుడు పక్క గోడ పట్టుకోవాలనిపిస్తే, మీ మొదటి ట్రెక్ ఎక్కుడు 300 మీటర్లు దాటకుండా చూసుకోండి. ఎక్కడంలో మీ అంకె ఎంత బాగున్నా సరే.

రెండోది సంచి. అలిపిరి దగ్గర సామాను అప్పగిస్తే టీటీడీ వాళ్ళే ఉచితంగా పైకి చేరుస్తారు, మనం చేతులూపుకుంటూ నడుస్తాం. ట్రెక్‌లో రెండు మూడు లీటర్ల నీళ్ళు, తిండి, వాన కోటు కలిస్తే ఐదారు కిలోలు వీపు మీదే. ఇక మూడోది, మెట్లు సమంగా ఉంటాయి, చాలావరకు నెత్తిన పైకప్పు ఉంటుంది, దాహమేస్తే నీళ్ళు, ఆకలేస్తే ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు ఉంటాయి. అడవి బాటలో రాళ్ళు, వేళ్ళు, బురద, ముళ్ళు. ఈ తేడాలకు నేనైతే వచ్చిన సమయానికి పావు వంతు కలుపుతాను. దిగుడు బాగా నిటారుగా ఉంటే ప్రతి 300 మీటర్లకు ఇంకో 10 నిమిషాలు.

ఇప్పుడు దారిని కొలవండి

నిర్వాహకులకో, అటవీశాఖ గైడుకో ఫోన్ చేసినప్పుడు "కష్టంగా ఉంటుందా అండీ?" అని అడక్కండి. "ఏం లేదండీ, అందరూ వెళ్తారు" అన్న జవాబే వస్తుంది. అంకెలు అడగండి. రానూ పోనూ కలిపి ఎంత దూరం? మొత్తం ఎక్కుడు ఎంత? ఈ రెండో ప్రశ్న కాస్త జాగ్రత్తగా అడగాలి. కొండ శిఖరం ఎత్తు లోంచి కింది ఊరి ఎత్తు తీసేసి చెప్పేస్తుంటారు. దారి మధ్యలో రెండు లోయలు దిగి ఎక్కాల్సి ఉంటే ఆ ఎక్కుళ్ళూ మీ కాళ్ళే మోయాలి. ఆల్‌ట్రెయిల్స్ లాంటి యాప్‌లో దారి ఉంటే, ఎత్తుపల్లాల గీతతో పాటు మొత్తం ఎక్కుడు విడిగా చూపిస్తుంది.

ఆ ఎక్కుడును ఎక్కే వైపు కిలోమీటర్లతో భాగించి చూడండి. కిలోమీటరుకు 50 మీటర్ల లోపు అయితే కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళొచ్చు. 100 దాటితే మాటలు తగ్గిపోతాయి. అలిపిరి సగటు 65 చిల్లర, శ్రీవారి మెట్టు 170. అందుకే ఒకే కొండకు ఉన్న ఈ రెండు దారుల గురించి "ఏది సులువు" అంటే ఎవరి మాట వాళ్ళదే. ఊపిరి బాగుండి టైము తక్కువున్నవాళ్ళు శ్రీవారి మెట్టు అంటారు. మెల్లగా అయినా గంటలకొద్దీ నడవగలిగే పెద్దవాళ్ళకు అలిపిరే నయం. మీరు ఈ రెండిట్లో ఏ రకమో తెలిస్తే, కొత్త చోట కూడా పొట్టి నిటారు దారి కావాలా, పొడుగు వాలు దారి కావాలా అన్నది తేలిపోతుంది.

సగటు కూడా కొంత దాస్తుంది. అలిపిరిలో గాలిగోపురం దాకా మెట్ల మీద మెట్లే, ఆ తర్వాత జింకల పార్కు వైపు హాయిగా నడక, అంతా అయిపోయిందనుకునేసరికి మోకాళ్ళ మెట్టు. పసుపూ కుంకుమా పూసిన ఆ మెట్లను కొందరు మోకాళ్ళ మీదే ఎక్కుతారు. మిగతావాళ్ళు మూడు మెట్లకోసారి ఆగి పైకి చూస్తుంటారు. అందుకని దారిలో అన్నిటికంటే నిటారైన కిలోమీటరు ఎక్కడొస్తుందో కూడా అడగండి. పొద్దున్నే వస్తే ఒక లెక్క, చివర్లో వస్తే ఇంకో లెక్క.

ఒక ఉదాహరణ వేద్దాం. రానూ పోనూ 12 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు. నైస్మిత్ ప్రకారం 144, 50 కలిపి 194 నిమిషాలు. మీ అంకె 1.4 అయితే 272. అడవి బాటకు పావు వంతు కలిపితే 340, అంటే ఐదు గంటల 40 నిమిషాలు. పొద్దున ఏడింటికి బయల్దేరితే భోజనం టైముకు కిందికి వచ్చేస్తారు. దారిలో టిఫిన్లకూ టీలకూ ఆగి పదకొండున్నరకు మొదలుపెట్టి, పైన గంటన్నర గడిపితే, డిసెంబరులో చివరి కిలోమీటరు సెల్‌ఫోన్ లైటుతో దిగాల్సి వస్తుంది. దారి అదే, మనుషులూ అదే. బయల్దేరిన టైము వల్ల ఈజీ ట్రెక్ కాస్తా టెన్షన్ ట్రెక్ అయిపోయింది.

ముందు దిగి తర్వాత ఎక్కే దారులు

వీటి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. నల్లమలలోని సలేశ్వరం తీసుకోండి. చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే జనాన్ని వెళ్ళనిస్తారు. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ లోయలోకి దిగుతారు, జలపాతం కింద గుండం దగ్గర దర్శనం, అయ్యాక "పోయొస్తాం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. ఆ వచ్చేటప్పుడే అసలు పరీక్ష. ఏప్రిల్ ఎండ, ఇరుకు దారి, వేల మంది జనం, కాళ్ళలో సత్తువ అప్పటికే సగం. కొండెక్కేటప్పుడు చేతకాకపోతే వెనక్కి తిరిగితే చాలు, మిగిలింది దిగుడే. లోయలో ఆ వెసులుబాటు లేదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ రేంజర్లు కూడా ఇదే చెబుతారు: దిగడం మీ ఇష్టం, ఎక్కడం తప్పదు. దిగడానికి పట్టిన దానికి రెట్టింపు సమయం ఎక్కడానికి ఉంచుకోమంటారు. లోయ దారిలో మీ దగ్గరున్న సమయంలో మూడో వంతు అయిపోగానే, ఎక్కడున్నా సరే, వెనక్కి తిరగండి.

కాళ్ళతో తేలనివి

తిరుపతి జిల్లా నాగలాపురం ట్రెక్ దారిలో ఎక్కుడు కంటే నీళ్ళదే ఆకర్షణ, ప్రమాదం కూడా వాటితోనే. గుండాల్లో నీళ్ళు తేటగా ఉండి అడుగు కనిపిస్తుంటే లోతు తక్కువనిపిస్తుంది. ఈత రాకపోతే, నాచు పట్టిన బండల మీద నడిచే అలవాటు లేకపోతే, అలిపిరి రెండు గంటల్లో ఎక్కే మనిషికి కూడా అది తన స్థాయికి మించిన దారే. వానాకాలంలో ఎక్కడో ఎగువన కురిసిన వానకు వాగు ఒక్కసారిగా పొంగుతుంది, మీ నెత్తిన చినుకు పడకపోయినా.

భువనగిరి ఖిల్లా పొట్టి ఎక్కుడు. ఏకశిల బండ, మలావత్ పూర్ణ 13 ఏళ్ళకే 2014లో ఎవరెస్టు ఎక్కడానికి ముందు శిక్షణ మొదలుపెట్టిన చోటు. మామూలు దారిలో మెట్లున్నాయి కాబట్టి దమ్ము పెద్దగా అక్కర్లేదు. కానీ పైకెళ్ళేకొద్దీ బండ ఏటవాలుగా, నున్నగా ఉంటుంది, నీడ తక్కువ. ఎత్తులంటే భయం ఉన్నవాళ్ళు ఎక్కేటప్పుడు బాగానే ఉండి, దిగడానికి కిందికి చూసేసరికి బిగుసుకుపోతారు. ఎండాకాలం తొమ్మిది దాటితే బండ పెనంలా కాలుతుంది. మొదటిసారి వెళ్తున్నవాళ్ళకు, చిన్నపిల్లలు వెంట ఉన్నవాళ్ళకు వికారాబాద్ అనంతగిరి అడవిలో నడక మేలు. ఎక్కుడు తక్కువ, చెట్ల నీడ ఎక్కువ.

అనుమతి సంగతి కూడా ఎంపికలో భాగమే. శేషాచలం అడవుల్లో తుంబురు తీర్థం లాంటి చోట్లకు పండుగ రోజుల్లోనే వదులుతారు. ఎర్రచందనం దొంగల బెడద ఉన్న అడవిలో అనుమతి లేకుండా దొరికితే సంజాయిషీ చెప్పుకోవడం కష్టం. జంతువుల భయం ఉట్టి మాటేమీ కాదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలోనే చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయింది, ఆ తర్వాత చిన్నపిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక మెట్లదారిలోకి పంపకుండా నిబంధన పెట్టారు. పిల్లలతో వెళ్తుంటే అప్పటికి అమల్లో ఉన్న వేళలు కనుక్కుని బయల్దేరండి.

హిమాలయాలకు వెళ్తుంటే

మనవాళ్ళు చాలామంది మొదటి పెద్ద కొండగా కేదార్‌నాథ్‌నే ఎంచుకుంటారు. గౌరీకుండ్ సుమారు 1980 మీటర్ల ఎత్తులో ఉంది, కేదార్‌నాథ్ 3583. అంటే 1600 మీటర్ల ఎక్కుడు, 16 కిలోమీటర్ల పైన దూరం. ఒకే రోజులో అలిపిరి రెండున్నర సార్లకు పైగా ఎక్కినట్టు. నైస్మిత్ లెక్కే ఆరు గంటలొస్తుంది. 1.4 వాళ్ళకు ఎనిమిది దాటుతుంది. పైగా 2500 మీటర్లు దాటాక గాలి పలచబడి, మైదానంలో తీసిన మీ అంకె పని చేయదు. కాళ్ళు బాగున్నా తలనొప్పి, వికారం, తిండి సయించకపోవడం మొదలవ్వచ్చు. అప్పుడు ఇంకా పైకి వెళ్ళకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి. వయసులో ఉన్నవాళ్ళకూ, జిమ్‌కు వెళ్ళేవాళ్ళకూ మినహాయింపు లేదు. మంచులో నడవాలని కేదార్‌కాంఠ లాంటివి చూస్తున్నా, అదీ 3810 మీటర్లు. 3000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి పెరగకుండా ఉన్న ప్లానే తీసుకోండి. ఒక రోజు తగ్గించి చవగ్గా ఇస్తున్నామంటే, ఆ తగ్గించిన రోజు ఎక్కడిదో అడగండి. చాలాసార్లు ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడాల్సిన రోజునే కోసేస్తారు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు

మైళ్ళూ అడుగుల్లో వేసుకోవడానికి షెనాండోవా నేషనల్ పార్క్ వాడే సూత్రం బాగుంటుంది. ఎక్కుడు అడుగుల్లో, దాన్ని రెండుతో హెచ్చించి, మళ్ళీ మైళ్ళతో హెచ్చించి, వర్గమూలం తీయాలి. 50 లోపు తేలిక, 100 దాకా మధ్యస్థం, 150 దాకా కొంచెం గట్టిది, 200 దాకా కష్టం, ఆపైన చాలా కష్టం. 6 మైళ్ళు, 1500 అడుగులంటే 134. అలిపిరి ఒక వైపే వేస్తే 148 దాకా వస్తుంది. కాబట్టి అలిపిరి నడిచి రెండో రోజు మామూలుగా తిరగగలిగినవాళ్ళు అక్కడ 100 దగ్గరి దారితో మొదలుపెట్టొచ్చు. ఇందులో ఒక చిక్కుంది. శ్రీవారి మెట్టుకు ఈ సూత్రం 55 ఇస్తుంది. అది నిటారుతనాన్ని పట్టించుకోదు. అందుకే కిలోమీటరుకో మైలుకో ఎంత ఎక్కుడో విడిగా చూసుకోక తప్పదు.

గుంపులో ఎవరి అంకె?

అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళది. సగటు వేయకూడదు. 1.1 ఉన్న తమ్ముడూ 2 ఉన్న అత్తయ్యా కలిసి వెళ్తే దారిని 2కే ఎంచాలి. తమ్ముడికి బోరు కొడితే సంచీ బరువు అతనికివ్వండి. అత్తయ్య "నా గురించి ఆగకండి నాయనా, మీరు నడవండి" అనే అంటుంది. ఆ మాట వినొద్దు. వెనకబడ్డ మనిషిని ముందువాళ్ళు కూర్చుని ఎదురుచూసి, ఆవిడ వచ్చీ రాగానే లేచి నడక మొదలుపెడితే, అందరికీ విశ్రాంతి దొరికింది గానీ ఆవిడకు దొరకలేదు. నెమ్మదిగా నడిచేవాళ్ళనే ముందు పెట్టండి.

రెండో ట్రెక్ ఎంచుకునేటప్పుడు దూరం, ఎక్కుడు, ఎత్తు, దారి తీరు, వీటిలో ఏదో ఒక్కదాన్నే పెంచండి. ఎక్కుడు 300 నుంచి 450 చేస్తున్నారంటే బాట మాత్రం అలవాటైన రకంలోనే ఉండాలి.

బయల్దేరే ముందు రోజు రాత్రి, ఎక్కడైనా సరే వెనక్కి తిరిగే టైము ఒకటి గుంపులో అందరికీ చెప్పేయండి. శిఖరం ఇంకా పది నిమిషాలే ఉందన్నా ఆ టైముకు తిరగాలి. నీళ్ళు గంటకు అర లీటరు చొప్పున, ఎండాకాలమైతే ఇంకా ఎక్కువ. కొండల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి, ఏ దారిలో వెళ్తున్నారో, బండి ఎక్కడ పెడుతున్నారో, ఎన్ని గంటల లోపు ఫోన్ చేస్తారో, ఆ టైము దాటితే 112కు చెప్పమని ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టి వెళ్ళండి.